చువ్వకు ఉప్పు.. స్లాబుకు ముప్పు

కృష్ణపట్నం: తీర గ్రామాల్లో స్లాబు పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడితే తాపీ మేస్త్రీని నిందించడం పరిపాటి. చాలాసార్లు అసలు దోషి ఉప్పు.

కాంక్రీటుకుండే క్షారగుణం వల్ల చువ్వపై కంటికి కనిపించనంత పలుచని రక్షణ పొర ఏర్పడుతుంది. సముద్రపు గాలిలోని క్లోరైడు సూక్ష్మరంధ్రాల గుండా క్రమేణా లోపలికి చేరి ఆ పొరను ఛేదిస్తుంది. తేమ, ప్రాణవాయువు తోడవగానే తుప్పు మొదలవుతుంది. తుప్పు ఆక్రమించే స్థలం, అది తినేసిన ఉక్కు స్థలానికి రెండు రెట్లకు పైనే. ఆ ఒత్తిడికే కాంక్రీటు పగులుతుంది. పగుళ్లపై సిమెంటు పూసినంత మాత్రాన లోపలి తుప్పు ఆగదు.

తమిళనాడులోని కారైక్కుడిలో ఉన్న కేంద్రీయ విద్యుత్‌ రసాయన పరిశోధన సంస్థ ఈ సమస్యపై దశాబ్దాలుగా పరిశోధనలు సాగిస్తోంది. విరుగుళ్లలో ఒకటి ఈ తీరంలోనే పోగవుతోంది. అది నేలటూరు దామోదరం సంజీవయ్య థర్మల్‌ కేంద్రంలో బొగ్గు మండగా మిగిలే సన్నని బూడిద. సిమెంటు, నీరు కలిసినప్పుడు వెలువడే సున్నంతో ఈ బూడిద చర్య జరిపి రంధ్రాలను పూడుస్తుంది. ఉప్పు ప్రయాణం మందగిస్తుంది. అయితే ఈ చర్య నిదానం. అందుకే కనీసం 10 రోజులు, వీలైతే 14 రోజులు తడపాలని ఐఎస్‌ 456 ప్రమాణం చెబుతోంది.

2000లో సవరించిన ఆ ప్రమాణం తీర వాతావరణంలో కనీసం ఎం30 కాంక్రీటును, చువ్వపై 45 మిల్లీమీటర్ల కవరును నిర్దేశించింది. సముద్రపు తుంపరలు తగిలేచోట ఇవి ఎం35, 50 మిల్లీమీటర్లు. కాంక్రీటు కలపడానికి, తడపడానికి సముద్రపు నీరు పనికిరాదు. ట్యాంకరు ఖర్చుకు వెనుకాడి ఉప్పుబోరు నీటితో కాంక్రీటు కలిపితే, గాలి ఏళ్లతరబడి చేసే పని తొలిరోజే పూర్తవుతుంది.