పశువు కడుపులోని పనివారు



ఓరుగల్లు సీమయందు చెరువుల క్రిందను, కాకతీయ కాలువ క్రిందను వరి విస్తరించినకొలది జొన్నచొప్ప వాములు తగ్గినవి. హసన్‌పర్తి పరిసరములందు నేడు గొడ్లకు వరిగడ్డియే పెద్ద ఆధారము. ఈ గడ్డిని మనము తిని అరిగించుకొనలేము. నిజము చెప్పవలెనన్న, ఆవుగాని బర్రెగాని కూడ దానిని తమంతట తాము అరిగించుకొనజాలవు. గడ్డిలోని పీచును కరిగించు రసము ఏ పశువు దేహమందును పుట్టదు. ఆ పని చేయువారు వేరే యున్నారు. కంటికి కనబడని వారినిగూర్చి నేడు మనవి చేసెదను.

నెమరువేయు పశువు కడుపున నాలుగు అరలు గలవు. వానిలో పెద్దపొట్ట యనబడు అర ఎదిగిన ఆవునందు నూరు లీటర్లకు పైగా పట్టును. అది గాలి చొరని కాగువంటిది. లోపలి వేడి ఇంచుమించు 39 డిగ్రీల సెంటిగ్రేడు. అందలి రసమును ఒక్క మిల్లీలీటరు, అనగా ఇరువది చుక్కలు, తీసి పరీక్షించినచో సుమారు వేయి కోట్ల బాక్టీరియా లుండును. వానితోకూడ లక్షలకొలది ప్రోటోజోవా లను కొంచెము పెద్ద ప్రాణులును, బూజు జాతులును గలవు. వీని నన్నిటిని కలిపి సూక్ష్మజీవులందురు. ఇవి గడ్డిని పులియబెట్టి పులుసువంటి ఆమ్లములను పుట్టించును. పశువు ఆ ఆమ్లములను పీల్చుకొని తన బలములో అధికభాగము సంపాదించుకొనును. అంతటితో ముగియదు. ఈ జీవులు రసముతోపాటు నాలుగవ అరకు జారి అచ్చట తామే జీర్ణమై పశువునకు మాంసకృత్తు లగును. పనిచేసి తుదకు భోజనముగా మారు పనివారు మరియెచ్చటనైన నున్నారో లేదో!

1843లో పారిసు ప్రాంతమున గ్రూబీ, డెలఫాన్ అను నిరువురు ఈ ప్రోటోజోవాలను మొదట వర్ణించిరి. కాని గాలి తగిలినంతనే చచ్చు జీవులను బయట పెంచి చూచుట దుర్లభమయ్యెను. ఆ ఉపాయమును సాధించినవాడు అమెరికా దేశీయుడు రాబర్ట్ హంగేట్. ఆయన మొదట పరిశోధించినది ఆవును కాదు, చెదపురుగును. కట్టెను తినుటకు చెదలకును, గడ్డిని తినుటకు ఆవునకును ఒకేవిధమైన సహాయము కలదని ఎరిగి, చెదనుండి ఆవునకు వచ్చెను. 1966లో ఆయన వ్రాసిన గ్రంథము నేటికిని ఈ శాస్త్రమునకు మూలము.

ఈ పనివారిలో ఎవరు ఎక్కువ కావలెను, ఎవరు తక్కువ కావలెను అను నిర్ణయము దేనివలన జరుగును? జాతి, వయస్సు, దేశము, ఇచ్చిన మందులు, అన్నిటికిని కొంత పాలు గలదు. అయితే 2015లో ప్రకటితమైన ఒక పెద్ద పరిశోధనలో 35 దేశములనుండి 32 విధముల జంతువులవి 742 నమూనాలు పరీక్షింపబడెను. లోకమంతట ముఖ్యమైన సూక్ష్మజీవులు ఇంచుమించు అవియే యనియు, వాని పాళ్లను మార్చుటలో మేతయే అన్నిటికంటె ప్రధానమనియు తేలెను. జాతిని మార్చుట మన చేతిలోని పని కాదు. గాటిలో ఏమి వేయుదుమో అది మన చేతిలోనిదే.

పెండ్లియింట మిగిలిన అన్నమును పాడుచేయనేల యని గొడ్లకు పోయుట మీరెరుగనిది కాదు. దయతో చేసిన ఆ పనియే తెల్లవారునప్పటికి ఆవును నేల గూల్చును. గడ్డికి అలవడిన కడుపులో పీచును కరిగించు జీవులు మెండుగా నుండును, పిండిపదార్థమును తినునవి కొద్ది. అన్నముగాని మొక్కజొన్న పిండిగాని తటాలున గంపెడు పడినచో ఈ కొద్దివే కొన్ని గంటలలో విపరీతముగా పెరిగి, పెరుగును పులియజేయు ఆమ్లమునే కడుపునిండ పుట్టించును. ఆ పులుపునకు పీచును తిను జీవులు చచ్చును. పశువు నెమరు మానును, కడుపు కదలదు, పలుచగా పారుకొనును, పిమ్మట పండుకొని లేవదు. చలిమిడి, జొన్నకంకులు, బియ్యపు బస్తాలోనికి త్రాడు తెంపుకొని మూతిపెట్టుట, అన్నియు నిదే దారి. ఇట్టి సమయమున నాటువైద్యముతో ప్రొద్దు పుచ్చక పశువైద్యుని పిలువవలెను. గంటలు గడచినకొలది ఆశ సన్నగిల్లును.

దాణా చెడ్డదని కాదు. పాలిచ్చు బర్రెకు దాణా కావలెను. రెండు మూడు వారములలో కొంచెము కొంచెముగా పెంచినచో లోపలి జనమును క్రమముగా మారును. గడ్డి తగ్గించి దాణా మితిమీర పెంచినచో పాలలో వెన్న పడిపోవును. వెన్నను పుట్టించు ఆమ్లము ముఖ్యముగా గడ్డి పులిసినపుడే కలుగును గనుక. ముల్కనూరులో 2002లో మహిళలే సహకార డెయిరీని స్థాపించిరి గదా. పాలకు వెన్ననుబట్టి వెలకట్టు చోట్ల క్యాను మోయు ఇల్లాలికి ఈ సంగతి చేతిలోని రూకలతోనే తెలియును.

జొన్న నాము సంగతియు చెప్పవలెను. లేత జొన్న, వాన లేక గిడసబారిన జొన్న, కోసిన మోడునుండి మరల చిగిర్చిన పిలక, వీనిలో ఒక పదార్థముండును. అది అట్లే యున్నంతవరకు విషము కాదు. ఆకు నలిగినపుడు కొంతయు, పెద్దపొట్టలోని సూక్ష్మజీవులవలన మరికొంతయు విడి, ప్రాణాంతకమగు సైనైడు విషము బయలుపడును. కావుననే నెమరువేయు పశువులకు ఈ అపాయ మధికము. పూత వచ్చిన పిమ్మట కోసి వేసినచో భయము మిక్కిలి తగ్గును.

వరిగడ్డిలో మాంసకృత్తులు స్వల్పము. పనివారికే తిండి చాలనిచో పని యెట్లు సాగును? అందుకు నూరు కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో కరగించి, పొరలుపొరలుగా చల్లి, త్రొక్కి, గాలి పోకుండ కప్పి మూడు వారము లుంచుట మంచి పద్ధతి. తీసిన గడ్డిని కొంతసేపు ఆరనిచ్చి, మొదట కొద్దిగా మేపవలెను. లేత దూడలకు పెట్టరాదు. ఆ యూరియానే నీళ్లలో కలిపి త్రాగించినను, చేలో విడిచిన బస్తాను పశువు నాకినను, సూక్ష్మజీవులు క్షణములలో దానిని అమోనియాగా మార్చి పశువును చంపును. ఎరువు బస్తాలను కొట్టమునకు దూరముగా పెట్టుడు.

దూడ పుట్టునప్పటికి దాని పెద్దపొట్ట చిన్నది. అందు ఈ జనము లేదు. తల్లి నాకుటవలన, తోటి పశువుల చొంగవలన, మేతవలన అవి చేరును. ప్రోటోజోవాలు మరియొక పశువు స్పర్శ లేనిదే రానే రావు. విడిగా పెంచిన దూడయందు అవి యుండవు. రెండవ వారమునుండియే దూడ ముందు లేతగడ్డి పిడికెడు వేసిన మేలు.

ఒక పశువుకడుపులోని పనివారిని మరియొకదానికి పంపుటయు జరిగినది. మన దేశమున 1970ల నుండి ప్రచారమైన సుబాబుల్ ఆకులో ఒక విషపదార్థము గలదు. దానిని విశేషముగా తిన్న ఆస్ట్రేలియా పశువులకు వెండ్రుకలు రాలి బలము తగ్గెను. హవాయి దీవుల మేకలు అదే ఆకును సుఖముగా తినుచుండెను. రేమండ్ జోన్స్ అను ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు దీనిని గమనించెను. 1980ల దశకమున ఆ మేకల పెద్దపొట్ట రసములోని జీవులు ఆస్ట్రేలియా చేరి, అచ్చటి పశువులకు ఆ విషమును విరుగగొట్టు శక్తి నిచ్చెను. ఆ పని చేయు బాక్టీరియాకు 1992లో ఆయన పేరు కలియునట్లు సినర్జిస్టీస్ జోన్సీ అని నామకరణము చేసిరి. మనము మాత్రము సుబాబుల్‌ను మేతలో మూడవ వంతునకు మించనీయరాదు.

అంగడిలో బర్రెను కొనునపుడు పండ్లును పొదుగును చూచెదరు, సుడులును ఎంచెదరు. దానితోపాటు ఇంతవరకు ఏమి మేపితివని అమ్మినవానిని అడిగి, ఆ మేతనే నాలుగు మోపులు బండిలో వేసికొని రండు. మొదటి వారము అదియే ఎక్కువగా వేసి, పిమ్మట మీ గడ్డిని దినదినము కలుపుచు పొండు. క్రొత్త బర్రె వచ్చిన నాలుగు నాళ్లకే పాలు తగ్గినవని అమ్మినవానితో తగవులాడు నిండ్లలో సగమింటికి కారణము ఆ గాటిలోనే దొరకును.