వయసు మళ్లిన మెదడు, తగ్గిన రక్తం

శరీర బరువులో మెదడు సుమారు 2 శాతమే. కానీ ఒళ్లు విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా ఆక్సిజన్‌లో దాదాపు ఐదో వంతు దానికే కావాలి. ఆరోగ్యమైన మెదడులో ప్రతి 100 గ్రాములకు నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం పారుతుంది. అది 20కి దిగితే నాడీకణాల విద్యుత్ పని ఆగుతుంది. 10కి పడిపోతే కొద్దిసేపట్లో కణాలే చనిపోతాయి. ఈ రెంటి నడుమ చిక్కినవి మూగబోయినా బతికే ఉంటాయి. పక్షవాతం వచ్చిన మనిషిని ఆసుపత్రికి చేర్చే తొందరంతా వాటికోసమే.

ఈ స్థితిని పరిశీలించడానికి ప్రయోగశాలలో ఎలుక మెడ ధమని గుండా సన్నని నైలాన్ దారం పంపి, మెదడు రక్తనాళాన్ని కాసేపు మూసి, మళ్లీ తెరుస్తారు. రక్తం తిరిగొచ్చినా హాని ఆగదు. అప్పుడు పుట్టే చురుకైన ఆక్సిజన్ అణువులు డీఎన్ఏను దెబ్బతీస్తాయి. మరి ముసలి కణం ఆ దెబ్బను బాగుచేసుకోగలదా?

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కల్లూరి సుబ్బారావు బృందం ఏళ్ల తరబడి పట్టుకున్నది దాదాపు ఈ ప్రశ్ననే. ముసలి ఎలుకల నాడీకణాల సారంలో డీఎన్ఏ ఖాళీలు పూడ్చే శక్తి తగ్గిందని వారు చూశారు. పాలిమరేజ్ బీటా, లైగేజ్ అనే రెండు ఎంజైములను బయటినుంచి కలిపితే ఆ పని మళ్లీ జరిగింది. 2005లో వెలువడిన ఈ ఫలితం పరీక్షనాళికకే పరిమితం. అయినా ముసలితనంలో లోపించేదేమిటో ఇంత స్పష్టంగా చూపిన పనులు అరుదు.

ఇక మనుషుల్లో పక్షవాతం తర్వాత ఆలోచనాశక్తికీ, వచ్చిన భాషలకూ ఉన్న సంబంధాన్ని హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి వైద్యులు గమనించారు. సువర్ణ అల్లాడి బృందం 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో ప్రచురించింది. పక్షవాతం తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవారు రెండు భాషలు వచ్చినవారిలో 40.5 శాతం, ఒకటే వచ్చినవారిలో 19.6 శాతం.