ఫోన్ ట్యాపింగ్: అనుమతించేదీ, తనిఖీ చేసేదీ ప్రభుత్వమే

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో, మలంచా ప్రాంతపు తెలుగువారు హైదరాబాద్ బంధువులకు ఫోన్ చేసినప్పుడు అవతలి నంబరుపై నిఘా ఉంటే ఇవతలి మాటలూ రికార్డవుతాయి. తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసు రేపిన అనుమానం అందుకే ఒక్క రాష్ట్రానిది కాదు.

అత్యవసర సందర్భాల్లో తప్ప, ట్యాపింగ్‌కు కేంద్ర లేదా రాష్ట్ర హోంశాఖ కార్యదర్శి ఉత్తర్వు ఉండాలి. 1996లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు దీని గడువును రెండు నెలలుగా నిర్ణయించింది. పొడిగించినా ఆరు నెలలు మించరాదు. రాష్ట్రంలో ఆ ఉత్తర్వులను సమీక్షించే కమిటీకి ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి నేతృత్వం వహిస్తారు. న్యాయమూర్తికి అందులో చోటు లేదు. నిఘాకు గురైన వ్యక్తికి ఆ సంగతి తెలపాలన్న నిబంధనా లేదు.

గోప్యత కోసం రికార్డులను నిర్ణీత కాలంలో ధ్వంసం చేయాలంటాయి నిబంధనలు. నిఘా అక్రమమైతే మాత్రం ఆ రికార్డులే సాక్ష్యం! తెలంగాణలో ప్రభుత్వం మారిన 2023 డిసెంబరులో హార్డ్‌డిస్కులను ధ్వంసం చేశారన్న అభియోగంపైనే స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో మాజీ డీఎస్పీ ప్రణీత్‌రావును 2024 మార్చిలో పోలీసులు అరెస్టు చేశారు.

పెగాసస్‌పై బెంగాల్ ప్రభుత్వం నియమించిన జస్టిస్ మదన్ లోకూర్ కమిషన్ విచారణను 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు నిలిపివేసింది. అప్పటికే కోర్టు వేసిన కమిటీ 29 ఫోన్లను పరీక్షించి, ఐదింటిలో మాల్‌వేర్‌ను గుర్తించింది. అది పెగాససేనని తేలలేదు. కేంద్రం సహకరించలేదని కమిటీ నివేదించినట్లు 2022 ఆగస్టులో కోర్టు వెల్లడించింది.