ఆంగ్లంలో సంపూర్ణతను తెలిపే పదాలు

ఆంగ్ల భాషలో ఒక వస్తువు గాని, పని గాని వెలితి లేకుండా ఉన్నదని చెప్పడానికి ఫుల్, కంప్లీట్, హోల్, ఎంటైర్, టోటల్, పర్ఫెక్ట్ వంటి విశేషణాలు, ఫినిష్, కంప్లీట్ వంటి క్రియలు వాడుకలో ఉన్నాయి. తెలుగులో వీటిలో చాలావాటికి "పూర్తి", "మొత్తం", "అంతా" అనే మాటలతోనే పని జరిగిపోతుంది. అందువలన తెలుగు విద్యార్థులకు ఇవన్నీ పర్యాయపదాలుగా కనిపిస్తాయి. కాని ఒకదానికి బదులు మరొకటి వేస్తే కొన్నిచోట్ల వాక్యం ఎబ్బెట్టుగా ఉంటుంది, మరికొన్నిచోట్ల అర్థమే మారిపోతుంది. ఒక్కొక్క పదం ఎటువంటి వెలితి లేదని చెబుతున్నదో గమనిస్తే ఈ భేదాలు సులువుగా బోధపడతాయి. ఫుల్ అంటే ఖాళీ లేదని, కంప్లీట్ అంటే ఏ భాగమూ తక్కువ కాలేదని, హోల్ అంటే ముక్కలు కాలేదని, ఫినిష్డ్ అంటే చేయవలసిన పని మిగలలేదని భావం.

వ్యుత్పత్తి

ఫుల్ అనే పదం జర్మానిక్ శాఖకు చెందినది. సంస్కృతంలోని "పూర్ణ", లాటిన్‌లోని "ప్లేనుస్" దీనికి జ్ఞాతిపదాలు. మూల ఇండో-యూరోపియన్ భాషలోని పకారం సంస్కృతంలో నిలిచిపోగా, జర్మానిక్ భాషలలో ఫకారమైంది. పితృ - ఫాదర్, పాద - ఫుట్ అనే జంటలలోనూ ఇదే మార్పు కనిపిస్తుంది. జర్మన్ పండితుడు జాకబ్ గ్రిమ్ 1822లో ఇటువంటి ధ్వని మార్పులను సూత్రీకరించాడు. కంప్లీట్ అనేది "నిండా నింపు" అనే అర్థం గల లాటిన్ క్రియ నుండి వచ్చింది. దాని ధాతువు కూడా ఇదే. కాబట్టి ఫుల్, కంప్లీట్, పూర్ణ, పూర్తి - ఈ నాలుగూ ఒకే కుటుంబానివి.

హోల్ కథ వేరు. ప్రాచీన ఆంగ్లంలో దీని రూపం "హాల్". దెబ్బ తగలని, ఆరోగ్యంగా ఉన్న అని దాని అర్థం. హీల్, హెల్త్, హోలీ అనే పదాలు దీనికి బంధువులే. దీని మొదట ఉన్న డబ్ల్యూ అక్షరం తరువాతి కాలంలో వర్ణక్రమంలో చేరిందే గాని ఉచ్చారణలో లేదు. గ్రీకు భాషలో "మొత్తం" అనే అర్థం గల "హోలోస్" అనే పదం ఉన్నది. చూపులకు కవలలవలె ఉన్నా ఈ రెంటికీ సంబంధం లేదు. హోలోస్‌కు నిజమైన జ్ఞాతి సంస్కృతంలోని "సర్వ". 1926లో యాన్ స్మట్స్ తన గ్రంథంలో ప్రవేశపెట్టిన హోలిజం అనే మాట గ్రీకు పదం నుండి పుట్టినది. హోలిస్టిక్ అని వ్రాసేటప్పుడు డబ్ల్యూ చేర్చకూడదు అనడానికి కారణం ఇదే.

ఎంటైర్ అనేది "తాకబడనిది" అనే అర్థం గల లాటిన్ పదం "ఇంటిజెర్" నుండి ఫ్రెంచి ద్వారా ఆంగ్లంలోకి వచ్చింది. సంస్కృతంలోని "అక్షతము" ఈ భావానికి చాలా దగ్గర. పూజకు విరగని బియ్యపు గింజలనే అక్షతలుగా ఏరుకుంటారు. పర్ఫెక్ట్ అనే పదానికి లాటిన్‌లో "చివరికంటా చేయబడినది" అని అర్థం. వ్యాకరణంలో ప్రెజెంట్ పర్ఫెక్ట్ అన్నప్పుడు ఆ పాత అర్థమే నిలిచి ఉన్నది. అక్కడ పని జరిగిపోయిందనే గాని, లోపం లేకుండా జరిగిందని కాదు.

కంప్లీట్, ఫినిష్

ఈ రెంటికీ భేదాన్ని ఏ నిఘంటువూ చెప్పలేకపోయిందని, తగిన భార్య దొరికితే మగవాడు కంప్లీట్, దొరకకపోతే ఫినిష్డ్ అని ఒక చమత్కారం ప్రచారంలో ఉన్నది. నవ్వుకోవడానికి బాగానే ఉన్నా అందులోని మొదటి మాట నిజం కాదు. నిఘంటువులు ఈ భేదాన్ని చెబుతూనే ఉన్నాయి. ఫినిష్ అనే క్రియ పని చేసేవాని వైపు నుండి, కాలం వైపు నుండి చూస్తుంది. కంప్లీట్ అనేది వస్తువు వైపు నుండి, దాని భాగాల వైపు నుండి చూస్తుంది.

ఆస్ట్రియా స్వరకర్త షూబెర్ట్ 1822లో ఒక సింఫనీ మొదలుపెట్టి రెండు భాగాలు ముగించాడు. 1828లో మరణించేవరకు మిగిలినది ముగించలేదు. దానిని "అన్‌ఫినిష్డ్ సింఫనీ" అంటారు. రోమన్ చరిత్రకారుడు లివీ తన రోము చరిత్రను 142 సంపుటాలుగా వ్రాయగా నేడు 35 మాత్రమే లభిస్తున్నాయి. ఇది అన్‌ఫినిష్డ్ కాదు, ఇన్‌కంప్లీట్. వ్రాయవలసినవాడు వ్రాశాడు, కాలం పోగొట్టింది.

తెలుగువారికి ఇంతకన్న దగ్గర ఉదాహరణ ఆంధ్ర మహాభారతం. 11వ శతాబ్దంలో నన్నయ ఆది, సభా పర్వాలను, అరణ్య పర్వంలో కొంత భాగాన్ని రచించి ఆగిపోయాడు. అప్పటికి గ్రంథం అన్‌ఫినిష్డ్. 13వ శతాబ్దంలో తిక్కన విరాట పర్వం మొదలుకొని 15 పర్వాలు రచించి కథను తుదికి చేర్చాడు. అంటే ఒక అర్థంలో ఫినిష్ చేశాడు. అయినా నడుమ అరణ్య పర్వ శేషం లేనందున గ్రంథం ఇంకా ఇన్‌కంప్లీట్. 14వ శతాబ్దంలో ఎర్రన ఆ శేషాన్ని పూరించినప్పుడే అది కంప్లీట్ అయింది. ముగింపు ముందే జరిగి, పూరణ తరువాత జరిగిన ఈ గ్రంథం ముందు పై చమత్కారం వెలవెలబోతుంది.

హోల్, ఆల్, ఫుల్

బహువచనంతో వచ్చినప్పుడు హోల్, ఆల్ పదాల మధ్య తేడాను విద్యార్థులు తరచు విస్మరిస్తారు. వరద వార్తలలో "హోల్ విలేజెస్" మునిగాయంటే మునిగిన ఊళ్ళు ఆసాంతం మునిగాయని అర్థం. తెలుగులో "ఊళ్ళకు ఊళ్ళే మునిగిపోయాయి" అనడం సరిగ్గా ఇదే. "ఆల్ ది విలేజెస్" అంటే "ఊళ్ళన్నీ", అనగా ఒక్క ఊరూ మినహాయింపు కాదని. మొదటి వాక్యంలో మునగని ఊళ్ళు ఉండవచ్చు. రెండవ వాక్యంలో ఊరికి ఒక వీధి మాత్రమే మునిగి ఉండవచ్చు. సహాయం పంపవలసినవారికి ఇది చిన్న తేడా కాదు.

పాల విషయం చూడండి. అమెరికాలో "హోల్ మిల్క్" అంటే వెన్న తీయని పాలు, కొవ్వు కనీసం 3.25 శాతం. భారతదేశంలో "ఫుల్ క్రీమ్ మిల్క్" అని అమ్మే పాలలో కొవ్వు కనీసం 6 శాతం ఉండాలి. హోల్ అన్నప్పుడు ఏమీ తీసివేయలేదనే భావం, ఫుల్ అన్నప్పుడు నిర్ణీత మట్టం వరకు నిండుగా ఉన్నదనే భావం. గిన్నె, బస్సు, మార్కులు, వేగం - ఒక హద్దు ఉండి దానిని అందుకొనే ప్రతిదానికీ ఫుల్ సరిపోతుంది. రోజంతా వేచి ఉన్నానని చెప్పడానికి మాత్రం "ఫుల్ డే" కన్న "హోల్ డే" సహజం. ఎంటైర్ కూడా అక్కడ చెల్లుతుంది, కొంచెం బరువైన మాట.

టోటల్, అటర్

టోటల్ ప్రధానంగా లెక్కల మాట. వాహన బీమాలో "టోటల్ లాస్" అంటే బండి బూడిద కావాలని లేదు. భారతదేశంలో మరమ్మతు ఖర్చు పాలసీలో ప్రకటించిన విలువలో 75 శాతం దాటితే దానిని "కన్‌స్ట్రక్టివ్ టోటల్ లాస్"గా పరిగణిస్తారు. అటర్ చాలావరకు చెడ్డ విషయాలకే పరిమితం. దీనిని మెచ్చుకోలులో వాడకపోవడం మంచిది.

వ్యతిరేకార్థక వాక్యాలు

అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. "ఐ డోంట్ ఎంటైర్లీ అగ్రీ" అంటే కొంత ఒప్పుకుంటాను, కొంత ఒప్పుకోను అని. "ఐ ఎంటైర్లీ డిసగ్రీ" అంటే బొత్తిగా ఒప్పుకోను అని. తెలుగులో "పూర్తిగా ఒప్పుకోను" అనే వాక్యం ఈ రెండర్థాలనూ మోయగలదు. మాటలో కాకువు వలన భేదం తెలుస్తుంది, వ్రాతలో తెలియదు. 2021లో భారతదేశంలో కోవిషీల్డ్, కోవాక్సిన్ టీకాలు రెండు మోతాదులు పొందినవారిని "ఫుల్లీ వాక్సినేటెడ్" అన్నారు. "నాట్ ఫుల్లీ వాక్సినేటెడ్" అనేవారిలో ఒక మోతాదు పొందినవారూ ఉంటారు. దీనిని "పూర్తిగా టీకా వేసుకోనివారు" అని అనువదిస్తే అసలు వేసుకోనివారనే అర్థం వస్తుంది. "టీకా పూర్తి కానివారు" అనడం మేలు. అనువాదంలో కాదు అనే మాటను "పూర్తి"కి ఆనించి వ్రాస్తే ఈ గందరగోళం చాలావరకు తప్పుతుంది.

గణిత పరిభాషలో

వర్గ సమీకరణాల సాధనలో "కంప్లీటింగ్ ది స్క్వేర్" అనే పద్ధతి ఉన్నది. ఒక రాశి వర్గానికి ఆ రాశి ఆరు రెట్లు కలిపి ఉన్నప్పుడు, దానికి 9 చేరిస్తే ఆ రాశికి 3 కలపగా వచ్చిన మొత్తపు వర్గం అవుతుంది. పటంగా గీస్తే ఒక మూల చతురస్రం లోపించి, 9 దానిని పూరిస్తుంది. ఇక్కడ ఫినిషింగ్ అనడానికి వీలులేదు. హోల్ నంబర్, ఇంటిజెర్ అనే రెండు పదాలకు మూలార్థం ఒకటే - విరగనిది, అనగా భిన్నం కానిది. అయినా భారతీయ పాఠ్యపుస్తకాలలో హోల్ నంబర్లు అంటే సున్న, ధన సంఖ్యలు మాత్రమే. ఇంటిజెర్లలో ఋణ సంఖ్యలు కూడా చేరతాయి. తెలుగు మాధ్యమంలో మొదటివాటిని పూర్ణాంకాలు, రెండవవాటిని పూర్ణసంఖ్యలు అంటారు.