ఒక తేది – మూడు పేర్లు

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయము ప్రక్కనున్న హబ్సిగూడ పేరులోనే ఒక చరిత్ర కలదు. హబ్సీ యనగా అబిసీనియా దేశీయుడు. ఆఫ్రికా నుండి దక్కనుకు వచ్చినవారి జ్ఞాపకమును ఆ మాట నేటికిని నిలుపుకొన్నది. ఆ పేరు మారలేదు. కాని ఈ ప్రాంతపు చరిత్రలో ముఖ్యమైన సెప్టెంబరు 17వ తేదికి మాత్రము ప్రభుత్వములనుబట్టి పేరు మారుచున్నది.

2022లో ఆ దినమున ఒకే నగరమున రెండు ఉత్సవములు జరిగినవి. కేంద్ర ప్రభుత్వము దానిని విమోచన దినమనెను. రాష్ట్ర ప్రభుత్వము జాతీయ సమైక్యతా దినమనెను. 2024లో క్రొత్త రాష్ట్ర ప్రభుత్వము ప్రజాపాలన దినోత్సవమని పేరిడెను. ఉదయమున పత్రిక చదివి బడికి వచ్చిన బాలుడు "వీనిలో ఏది నిజము?" అని అడిగినచో ఉపాధ్యాయుడు ఏమి చెప్పవలెను?

మొదట జరిగినది చెప్పవలెను. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యము హైదరాబాదు సంస్థానమున ప్రవేశించినది. 17వ తేదిన నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను యుద్ధవిరమణ ప్రకటించెను. మరునాడు సంస్థాన సేనాపతి ఎల్ ఎద్రూస్ జనరల్ చౌధురికి లొంగిపోయెను.

పిమ్మట ఎవరికేమి జరిగినదో చెప్పవలెను. రజాకార్ల దాడికి గురియైన భైరాన్‌పల్లి వంటి గ్రామములకు అది నిజముగా విమోచనమే. అయితే రజాకార్లను ఎదిరించినవారిలో ముస్లిములును ఉండిరి. భారతదేశముతో విలీనమును సమర్థించిన ఉర్దూ సంపాదకుడు షోయబుల్లాఖాను 1948 ఆగస్టులో హత్యకు గురియయ్యెను. వెట్టిచాకిరిపైని, దొరతనముపైని 1946 నుండి తిరుగబడిన రైతులకు ఆ దినముతో పోరు ముగియలేదు. అది 1951 వరకు సాగినది. సైనిక చర్య దరిమిలా చెలరేగిన హింసలో ముస్లిములు వేలసంఖ్యలో మరణించిరి. కేంద్ర ప్రభుత్వము పంపిన సుందర్‌లాల్ సంఘము, మృతులు తక్కువలో తక్కువ 27 వేల నుండి 40 వేల వరకు ఉందురని అంచనా వేసినది.

విశ్వవిద్యాలయ చరిత్రయు ఇట్లే ఒక్క మాటలో ఇముడదు. 1918లో ఉర్దూను బోధనాభాషగా చేసి దీనిని స్థాపించి, దేశభాషలో ఉన్నతవిద్య సాధ్యమని చూపినది నిజాము ప్రభుత్వమే. 1938లో వసతిగృహమున వందేమాతరము పాడిన విద్యార్థులు బహిష్కృతులైనదియు ఇక్కడనే. వారిలో అనేకులు నాగపూరు పోయి చదువు సాగించిరి. మరుసటి యేడు డిసెంబరు 4న ఆర్ట్సు కళాశాల భవనమును నిజాము ప్రారంభించెను. 1948 దరిమిలా ఉర్దూ స్థానము ఇంగ్లీషుకు పోయినది. సంస్థాన ప్రజలలో పెక్కుమంది మాతృభాషయైన తెలుగునకు అప్పుడును ఆ పీఠము దక్కలేదు.

తార్నాకలో దిగి ఆ భవనమును చూడవచ్చు పిల్లలకు దాని సౌందర్యమును, బహిష్కృతుల కథను కలిపి చెప్పవచ్చును. సెప్టెంబరు 17ను బోధించుటయు అట్లే. దినమునకు ఒక్క పేరు పెట్టుట ప్రభుత్వములకు అవసరము కావచ్చును. ఉపాధ్యాయునకు ఆ నిర్బంధము లేదు. నల్లబల్లపై తేది వ్రాసి, దాని క్రింద వెట్టి చేసిన రైతును, హతుడైన సంపాదకుని, తనవారిని కోల్పోయిన ముస్లిము కుటుంబమును, నాగపూరు రైలెక్కిన విద్యార్థిని వరుసగా వ్రాసినచో, బాలుడు మరునాటి పత్రికను మరింత జాగ్రత్తగా చదువును.