అమ్మ నడుం వంగుతోందా?

కోనసీమ పల్లెల్లో తెల్లారితే పెద్దవాళ్లకు చేతినిండా పనే. వాకిలి ఊడ్చాలి, కళ్లాపి చల్లాలి, నీళ్లు తోడాలి, దొడ్లో రాలిన కొబ్బరిమట్టలు పక్కకు లాగాలి. డెబ్బై ఏళ్లు దాటినా ఆ పనులు మరొకరికి అప్పజెప్పడానికి అమ్మలకు మనసొప్పదు. అలా ఓ రోజు బకెట్టు ఎత్తుతుంటే నడుం దగ్గర కలుక్కుమంటుంది. అంతే... లేవలేరు, కూర్చోలేరు, మంచం మీద ఇటు నుంచి అటు ఒత్తిగిల్లలేరు. దగ్గొస్తే ప్రాణం పోయినంత పనవుతుంది.

సాయంత్రం హైదరాబాద్ నుంచో కువైట్ నుంచో ఫోనొస్తుంది. “ఏం లేదురా అబ్బాయ్, కాస్త నడుం పట్టిందంతే. నువ్వు కంగారుపడకు” అంటుంది అమ్మ. వయసు మీద పడ్డాక నడుంనొప్పి మామూలేగా అని పిల్లలూ సరిపెట్టుకుంటారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట... ఏ ఊళ్లో అయినా వినిపించే మాటే ఇది. కానీ ఆ వయసులో ఉన్నట్టుండి వచ్చే ఇలాంటి నొప్పి వెనుక తరచూ ఉండేది పట్టేసిన నడుం కాదు, విరిగిన వెన్నుపూస!

పడకుండానే విరుగుతుంది

ఎముక విరగాలంటే కింద పడాలనుకుంటాం. ఎముకలు గుల్లబారినప్పుడు ఆ అవసరం లేదు. వంగడం, బరువెత్తడం, గట్టిగా దగ్గడం చాలు. చెదపట్టిన దూలం పైకి బాగానే కనిపిస్తుంది, లోపలంతా డొల్ల. ఇదీ అంతే. ముప్ఫై ఏళ్లు వచ్చేసరికి ఎముక గట్టిదనం గరిష్ఠస్థాయికి చేరుతుంది. అక్కడి నుంచి తరుగుదలే. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గడంతో ఆడవాళ్లలో ఆ తరుగు వేగం పుంజుకుంటుంది. మగవాళ్లకూ మినహాయింపు లేదు. ఉబ్బసానికో, కీళ్లనొప్పులకో ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడినవారికి ముప్పు మరీ ఎక్కువ.

గుల్లబారిన వెన్నుపూస బరువు మోయలేక ముందువైపు నలిగిపోతుంది. ఒకదాని తర్వాత ఒకటి అలా నలిగితే వీపు వంగి గూని వస్తుంది, ఎత్తు తగ్గుతుంది. చీర కుచ్చిళ్లు నేలకు రాసుకుంటున్నాయంటే చీర పొడుగవలేదు, అమ్మే పొట్టిగా అయింది! వెన్నుపూసల విరుపుల్లో మూడింట రెండు వంతులు వైద్యుల దృష్టికి రావని అంచనా. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఒక పూస విరిగితే మరొకటి, ఆ తర్వాత తుంటి ఎముక విరిగే అవకాశం పెరుగుతుంది. మొదటి విరుపును గుర్తించడమంటే, తర్వాతి దాన్ని అడ్డుకోవడానికి దారి దొరికినట్టే.

పరీక్షలేంటి?

ముందు వెన్ను ఎక్స్‌రే తీస్తారు. ఎముక సాంద్రత తెలుసుకోవడానికి ‘డెక్సా’ స్కాన్ ఉంది. అందులో టి-స్కోరు మైనస్ 2.5 లేదా అంతకన్నా తక్కువుంటే ఎముకలు గుల్లబారినట్టు లెక్క. ఈ స్కాన్ కోసం కాకినాడ, రాజమహేంద్రవరం లాంటి పెద్ద ఊళ్లకు వెళ్లాల్సి రావచ్చు. వెన్నుకు క్షయ సోకినా, క్యాన్సర్ పాకినా ఇలాగే నొప్పి వస్తుంది కాబట్టి రక్తపరీక్షలూ అవసరమే. విటమిన్ డి సంగతీ చూడాలి. “మనకు ఎండకేం కొదవ?” అనుకుంటాం కానీ, నెలసరి ఆగిన మహిళలపై తిరుపతి స్విమ్స్ వైద్యులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో చాలామందికి ఆ విటమిన్ చాలినంత లేదని తేలింది.

జ్వరం, బరువు తగ్గడం, కాళ్లలో పట్టు తప్పడం, మూత్రం మీద అదుపు పోవడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తొక్కించొద్దు... పడుకోబెట్టేయొద్దు

నడుం పట్టిందంటే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో తొక్కించే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది. విరిగిన పూస మీద కాలు వేయడమంటే కోరి ముప్పు తెచ్చుకోవడమే. మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలూ పెద్దవాళ్ల కిడ్నీలకు, కడుపుకు చేటు చేస్తాయి. సాధారణంగా పారాసెటమాల్‌తో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి వైద్యులే మందు మారుస్తారు.

నొప్పి ఎక్కువగా ఉన్న నాలుగైదు రోజులు విశ్రాంతి చాలు. ఆపైన మంచానికే అంటిపెట్టుకుంటే ఎముక, కండ రెండూ ఇంకా కరుగుతాయి. నులకమంచం మీద వీపు కుంగుతుంది కాబట్టి సమంగా ఉండే పరుపు మేలు. లేచేటప్పుడు ముందు పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి దించి, చేతులు ఆనించి లేవాలి. చాలామందిలో 6 నుంచి 12 వారాల్లో నొప్పి తగ్గుముఖం పడుతుంది. ఈ మాట ముందే తెలిస్తే “ఇక నా బతుకింతే” అన్న దిగులు అమ్మకు సగం తగ్గుతుంది. పూసలోకి సిమెంటు ఎక్కించే చికిత్స ఉన్నా అందరికీ అక్కర్లేదు. ఉత్తుత్తి చికిత్సతో పోలిస్తే దానివల్ల ప్రత్యేక లాభం లేదని 2009లో రెండు అధ్యయనాలు తేల్చాయి.

నొప్పి తగ్గినా మందు మానొద్దు

ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. నొప్పి పోవడం వేరు, ఎముక గట్టిపడటం వేరు. వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్రను పరగడుపున గ్లాసుడు మంచినీళ్లతో మింగి, అరగంట సేపు పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. లేదంటే అన్నవాహిక పుండవుతుంది. ఏడాదికోసారి ఇచ్చే జోలెడ్రోనిక్ ఆమ్లం ఇంజెక్షన్, ఆర్నెల్లకోసారి ఇచ్చే డెనోసుమాబ్ కూడా ఉన్నాయి. డెనోసుమాబ్‌ను గడువు దాటించినా, చెప్పకుండా మానేసినా మళ్లీ పూసలు విరిగే ప్రమాదముంది. ఎవరికి ఏది సరిపోతుందో కిడ్నీల పనితీరు చూసి వైద్యులు నిర్ణయిస్తారు.

ఇంట్లో చిన్న మార్పులు

వానాకాలం వస్తే కోనసీమ దొడ్లలో నూతి గట్టు, బాత్‌రూమ్ దారి పాచి పట్టి జారుతుంటాయి. అమ్మ నడిచే దారిలో ముందు ఆ పాచి గీకించాలి. స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీ, కుర్చీలా కూర్చునే కమోడ్, రాత్రి మంచం నుంచి అక్కడి వరకూ లైటు ఉండాలి. నిండు బకెట్టుకు బదులు సగం బకెట్టు. నేలమీది కత్తిపీట స్థానంలో బల్ల మీద చాకు. వంగి ముగ్గు పెట్టడం మాత్రం కోడలికో మనవరాలికో వదిలేయాలి.

నెలసరి ఆగిన మహిళలకు రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలన్నది భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫార్సు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. పాలు, పెరుగు, నువ్వులు, మునగాకు, ముల్లుతో సహా తినే మెత్తళ్ల లాంటి చిన్న చేపలు మిగతా లోటును చాలావరకు పూడుస్తాయి. నొప్పి తగ్గాక రోజూ కాసేపు నడక, వైద్యులు నేర్పిన వీపు వ్యాయామాలు తప్పనిసరి.

దూరాన ఉన్న పిల్లలు చేయగలిగిందీ ఒకటుంది. “ఎలా ఉన్నావమ్మా?” అంటే ఏ అమ్మయినా “బాగానే ఉన్నాను” అనే చెబుతుంది. అందుకే ప్రశ్న మార్చాలి. “పొద్దున మంచం మీంచి నువ్వే లేచావా? వారం మాత్ర వేసుకున్నావా? చీర కుచ్చిళ్లు కింద పడుతున్నాయా?” అని అడగాలి. అప్పుడు వచ్చే జవాబే అసలు జవాబు.