మన చేత్తో ఒక గేమ్ క్యాసెట్

తొంభైల్లో పిల్లలుగా ఉన్నవాళ్ళకి ‘9999 ఇన్ 1’ క్యాసెట్ గుర్తుండే ఉంటుంది. తెరమీద వేల పేర్లు వరసకట్టేవి, ఆడితే మాత్రం తిప్పి తిప్పి అవే కొన్ని ఆటలు. మెనూ ప్రోగ్రాం ఆటను మొదలుపెట్టే ముందు మెమొరీలో ఒకటి రెండు అంకెలు మార్చేది. అందుకే ఒక పేరు నొక్కితే మారియో మొదటి లెవెల్లోనూ, ఇంకో పేరు నొక్కితే ఏ నాలుగో లెవెల్లోనో ప్రత్యక్షమయ్యేవాడు. అప్పుడు మోసమనిపించిన ఆ కిటుకును ఇప్పుడు విప్పి చూస్తే, కంప్యూటరు పనిచేసే తీరంతా అందులోనే కనిపిస్తుంది.

క్యాసెట్ అన్నామే గానీ లోపల టేపు ఉండదు. చిన్న సర్క్యూట్ బోర్డు, దానిమీద ఒకటి రెండు ఐసీలు, అంతే. జపాన్‌లో నింటెండో 1983 జూలై 15న ఫ్యామికామ్‌ను విడుదల చేసింది. దాని నకళ్ళే మన ఇళ్ళకి లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో వచ్చాయి. ఆ యంత్రంలో ఆటలు ఉండవు, విండోస్ లాంటిదేదీ ఉండదు. స్విచ్ వేయగానే ప్రాసెసర్ 65532, 65533 అడ్రసుల్లో ఏముందో చదివి, అక్కడ రాసివున్న చోటికి వెళ్ళి పని మొదలుపెడుతుంది. ఆ రెండు అడ్రసులూ ఉండేది క్యాసెట్‌లో! అంటే క్యాసెట్ తయారుచేయడమంటే సగంలో ఆపిన కంప్యూటర్‌ను మన చేత్తో పూర్తిచేయడమే. ఈ పని నేర్చుకోదగ్గదని నేననేది అందుకే.

1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కేబీలు. అందులో 32 కేబీల ప్రోగ్రాం ఒక ఐసీలో, 8 కేబీల బొమ్మలు ఇంకో ఐసీలో ఉంటాయి. మొదటిదాన్ని ప్రాసెసర్, రెండోదాన్ని యంత్రంలో తెరమీద గీసే బొమ్మల చిప్పు నేరుగా చదువుకుంటాయి. ప్రోగ్రాం ఐసీకి 15 అడ్రసు లైన్లు, 8 డేటా లైన్లు. బొమ్మల ఐసీకి 13 అడ్రసు లైన్లు, 8 డేటా లైన్లు. ప్రతి లైనూ కంటికి కనిపిస్తుంది, మల్టీమీటర్‌కి అందుతుంది. ఇవాళ్టి ఫోన్‌లో ఈ దారులన్నీ వేలిగోరంత చిప్పులో దాగిపోయాయి.

ఈ లైన్లలో ఒకదాని కథ చెప్పుకోవాలి. తెరమీది పటం దాచుకోవడానికి యంత్రంలో ఉన్నది 2 కేబీల మెమొరీ. అందులో రెండు తెరలకు సరిపడా పటం పడుతుంది. ఆ రెండు తెరలూ పక్కపక్కన ఉండాలా, ఒకదానికింద ఒకటి ఉండాలా అన్నది యంత్రం నిర్ణయించదు. ఆ మెమొరీ తాలూకు ఏ10 అడ్రసు కాలు క్యాసెట్ సాకెట్ దాకా వచ్చి, ఎవరైనా కలుపుతారేమోనని అక్కడ ఆగి ఉంటుంది. క్యాసెట్ బోర్డుమీద దాన్ని బొమ్మల చిప్పు ఏ10 లైనుకి కలిపితే తెరలు పక్కపక్కన వస్తాయి. ఏ11కి కలిపితే పైనా కిందా వస్తాయి. మారియో కుడివైపు పరిగెత్తే ఆట కాబట్టి దానికి ఏ10 కావాలి. తప్పు లైనుకి కలిపినా ఆట మొదలవుతుంది, పాట వినిపిస్తుంది. నాలుగడుగులు వేశాక మాత్రం, ముందు రావలసిన గోడలు కళ్ళముందున్న దృశ్యం మీదే ముక్కలుగా పడతాయి. ఒక్క సోల్డర్ చుక్కతో ఆట దిశ మారిపోవడం చూశాక ‘అడ్రసు’ అంటే ఏమిటో ఎవరూ మళ్ళీ చెప్పనక్కర్లేదు.

ఇక రాయడం సంగతి. పాత ఫ్యాక్టరీ క్యాసెట్లలో రాత ఐసీ తయారీలోనే అచ్చయిపోయేది. మన దగ్గర దొరికిన నకళ్ళలోనైతే చిప్పుమీద నల్లటి జిగురుముద్ద పోసేసేవారు, దాన్ని ఊడదీసి మార్చడం కుదరదు. ఇంట్లో చేసేవాళ్ళకి ఈప్రామే దిక్కు. 1971లో ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ కనిపెట్టిన ఈ ఐసీ నెత్తిన గాజు కిటికీ ఉంటుంది. అందులోంచి అతినీలలోహిత దీపం కాంతి పడితే రాసిందంతా చెరిగిపోతుంది. కరెంటుతోనే చెరిపేసే రకాలు వచ్చాక ఆ దీపం అవసరం కూడా తప్పింది. యూఎస్‌బీ ప్రోగ్రామర్ అనే పరికరంలో ఐసీని పెట్టి ఆట ఫైలును రాయించాలి. కొత్తవాళ్ళు తడబడేది ఇక్కడే. మారియో ఫైలు 40,960 బైట్లు ఉండాల్సింది 40,976 ఉంటుంది. మొదటి 16 బైట్లు ఎమ్యులేటర్ కోసం, అంటే ఈ ఆటల్ని కంప్యూటర్‌లో ఆడించే ప్రోగ్రాం కోసం, రాసిన వివరాల చీటీ. దాన్ని కోసేసి, మిగిలిన దాన్ని 32,768, 8,192 బైట్లుగా విడదీసి రెండు ఐసీల్లోకి ఎక్కించాలి.

బెంగళూరు శివార్లలోని బొమ్మసంద్రలో ఉండేవాళ్ళకి సామాన్లు వెతుక్కోవడం కష్టం కాదు. 2025 ఆగస్టు 10న ప్రారంభమైన మెట్రో పసుపు లైను ఇక్కడే మొదలవుతుంది. ఆర్‌వీ రోడ్డులో ఆకుపచ్చ లైనుకి మారి చిక్కపేటలో దిగితే ఎస్పీ రోడ్డు దగ్గరే. ఐసీలు, సాకెట్లు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు అక్కడ అడగొచ్చు. ప్రతి ఐసీ పక్కనా అలాంటి కెపాసిటర్ ఒకటి తప్పనిసరి. బోర్డు విషయంలో మాత్రం రాజీ పడకూడదు. మామూలు 1.6 మిల్లీమీటర్ల బోర్డు యంత్రం సాకెట్ పిన్నుల్ని వెడల్పు చేసి పాడుచేస్తుంది. 1.2 మిల్లీమీటర్లది కావాలి, అంచు ఏటవాలుగా చెక్కి ఉండాలి, కొసన బంగారుపూత ఉండాలి. బొమ్మసంద్ర, జిగణి, ఎలక్ట్రానిక్ సిటీ ఫ్యాక్టరీల్లో ఎలక్ట్రానిక్స్ పనిచేసే మనవాళ్ళు ఎందరో ఉన్నారు. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి ఐటీఐ, డిప్లొమా చదివి వచ్చిన కుర్రాళ్ళకి సోల్డరింగ్ కొత్త కాదు. కానీ అసెంబ్లీ లైన్లో ఒకరికి ఒక పనే, బోర్డు మొత్తం ఏం చేస్తుందో చూసే వీలు తక్కువ. ఈ క్యాసెట్ పని ముందుగా వాళ్ళ చేతుల్లో పడాలని నా కోరిక.

32 కేబీలు చాలని ఆటల సంగతేమిటి? అమెరికాలో అమ్మిన కాంట్రా ప్రోగ్రాం 128 కేబీలు. ప్రాసెసర్ క్యాసెట్‌కి కేటాయించిన చోటు 32 కేబీలే. కాబట్టి ప్రోగ్రాంను 16 కేబీల చొప్పున 8 ముక్కలు చేశారు. 74161 అనే ఐసీ ఇప్పుడు ఏ ముక్క కావాలో గుర్తుపెట్టుకుంటుంది. 7432 అనే ఐసీలోని ‘ఆర్’ గేట్లు చివరి ముక్క ఎప్పుడూ కదలకుండా చూస్తాయి. ముక్కలు మార్చే ప్రోగ్రాం అందులోనే ఉంటుంది మరి, అదే మాయమైతే ఆట ఆగిపోతుంది. కాలేజీ లాజిక్ ల్యాబులో ఎల్ఈడీలు వెలిగించడానికి వాడే కుటుంబంలోవే ఈ రెండు ఐసీలూ.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షను, ప్రోగ్రాంను సక్రమంగా పొందినవాళ్ళు దాన్ని కాపాడుకోవడానికి నకలు తీసుకోనిస్తుంది. అంతేగాని చేసిన క్యాసెట్‌ను అమ్ముకోనివ్వదు, అసలుదని చెప్పి అంటగట్టడమైతే దొంగతనమే. కొత్త ఆటలు రాసి ఉచితంగా పంచేవాళ్ళూ, అమ్మేవాళ్ళూ ఉన్నారు. మార్ఫ్‌క్యాట్ గేమ్స్ వాళ్ళు 2019లో మైక్రో మేజెస్ అనే ఆటను సరిగ్గా ఆ 40 కేబీల్లోనే ఇమిడ్చారు.

నాకైతే ఇందులో మన అక్షరాలు చూడాలని ఉంది. బొమ్మల ఐసీలో 8 చుక్కల పొడవు, 8 చుక్కల వెడల్పు ఉన్న పలకలు 512 పడతాయి. వెనకతెరకి ఒక్కసారికి అందేవి 256. ఇంగ్లీషు అక్షరానికి ఒక పలక చాలు. ‘ఝ’, ‘ఋ’ చదవగలిగేలా గీయాలంటే నాలుగు పలకలు కావాలి, అంటే 64 అక్షరాలకే చోటు. అచ్చులు, హల్లులు సర్దుకుంటాయి, గుణింతాలకీ ఒత్తులకీ మిగలదు. కాంట్రాలో లాగా బొమ్మల ఐసీ స్థానంలో ర్యామ్ పెడితే, ఆ తెరకి కావలసిన అక్షరాల్ని మాత్రం ప్రోగ్రాం అప్పటికప్పుడు అందులోకి ఎక్కించుకోవచ్చు. కాబట్టి తెలుగు ఆట రాయదలచినవాళ్ళు 74161 ఉన్న బోర్డుతోనే మొదలుపెట్టడం మంచిది.